మూసెయ్యమన్న ఇల్లు

మా మామ పోయిన నక్షత్రం మంచిది కాదట. అట అని ఎందుకంటున్నానంటే, నాకు నక్షత్రాల లెక్క అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, మంచం మీద ఒరిగి మళ్ళీ లేవలేదు ఆయన. అలాంటి మనిషి కోసం గుండెలు బాదుకుని ఏడవాల్సిన ఇంట్లో కాసేపటికే ఏడుపు ఆగిపోయి పంచాంగం మొదలైంది. పురోహితుడు వేళ్ళ కణుపులు లెక్కపెట్టి ధనిష్ఠ అన్నాడు. ఆ మాట చెవిన పడగానే, అంతవరకు మా అత్తను పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగులు సర్దుకుని వీధిలోకి జరిగారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ధనిష్ఠలో మనిషి పోతే, దినాలు కాగానే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలని మా వైపు పట్టింపు. పొయ్యి వెలగకూడదు, దీపం పెట్టకూడదు, మనుషులు ఉండకూడదు. ఉంటే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారని భయం. శవాన్ని కూడా వాకిట్లోంచి తీసుకుపోరు. పోయినవాడు దారి గుర్తుపట్టి తిరిగి వస్తాడేమోనని, ప్రాణం పోయిన గదికి వెనక గోడ పగలగొట్టి అందులోంచి తీస్తారు. మా మామను అలాగే తీశారు. ఇద్దరు మనుషులు గడ్డపారలతో గోడను పొడుస్తుంటే ఆయన కట్టుకున్న గోడ మట్టి ఆయన పంచె మీదే రాలింది. నేను కొంగుతో దులిపాను. దులపకూడదని ఎవరో అరిచారు. అప్పుడు మండిన ఒళ్ళు నాకు చాలాకాలం చల్లారలేదు.

ఇది పుంగనూరులో, తొంభైల నడుమ సంగతి. బస్సులు తిరిగే రోడ్డు పక్కనే రాయీ మట్టీ కలిపి కట్టిన పాత పెంకుటిల్లు మాది. అందులో మామ, అత్త, మా ఆయన, నేను ఉండేవాళ్ళం. మా ఆయన పాల కేంద్రంలో గుమాస్తా. తెల్లారకముందే పోయి మధ్యాహ్నానికి వచ్చేవాడు. మా బావ, అంటే ఆయన అన్న, కుప్పంలో స్థిరపడ్డాడు. రాళ్ళ వ్యాపారం, సొంత మిద్దె. చెడ్డవాడు కాదు. తమ్ముడంటే ప్రేమ ఉంది, తల్లంటే గౌరవం ఉంది. కాకపోతే రోడ్డు పక్కన పాత ఇల్లు ఉంటే ఆయన కంటికి ఇల్లు ఆనదు, స్థలమే ఆనుతుంది.

దినాలు అయిన మరుసటి రోజు బావ అందరినీ నడవలో కూర్చోబెట్టి ఏర్పాట్లు చెప్పాడు. ఇంటికి తాళం వేస్తారు. అత్తను ఆయన కుప్పం తీసుకుపోతాడు. మేమిద్దరం పాల కేంద్రం దగ్గర ఒక గది అద్దెకు తీసుకోవాలి. మామ పడుకున్న టేకు మంచాన్ని ఊరి బయట పారెయ్యాలి. అన్నీ చెప్పి, “ఆర్నెల్లు కానీ. ఆ మీద సూసుకుందాం,” అన్నాడు.

ఆ మీద చూసుకునేది ఏమిటో నాకు తెలుసు. ఆ స్థలం గోడౌనుకు కావాలని ఒక మనిషి బావ చుట్టూ తిరుగుతున్న సంగతి మామ బతికుండగానే మా ఇంట్లో అందరికీ తెలుసు. మామ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది, అంతే. ఆరు నెలలు తాళం పడితే పెంకులు జారతాయి, వాసాలకు చెదలు పడతాయి, ఆ గోడ గండిలోంచి పాములూ పందికొక్కులూ చేరతాయి. ఆ తర్వాత అందరం వచ్చి నిలబడి చూసి, ఇంకేముంది ఇందులో అనుకుంటాం. ఏ గొడవా లేకుండా ఇల్లు చేయి దాటిపోతుంది.

నేను వంటింట్లోకి పోతే అత్త మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, జపమాల, మామ కళ్ళజోడు. నన్ను చూసి గొంతు తగ్గించి అడిగింది.

“మళ్ళా తీసుకొస్తారంటావా మేయ్?”

ఏమని చెప్పను? కుప్పంలో ఆమెను చెడ్డగా చూస్తారని కాదు. వేళకు అన్నం పెడతారు, మందులు తెస్తారు. కానీ ఆ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆమె అందులో తప్ప వేరే చోట నిద్ర చేసి ఎరగదు. కూతుళ్ళు లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. నా ఇల్లు అని ఆమె అనుకునే చోటు ఈ భూమ్మీద అదొక్కటే. దాన్ని నక్షత్రం పేరు చెప్పి ఊడబెరుకుతుంటే మూట కట్టుకుంటోంది పిచ్చి తల్లి.

నేను నడవలోకి తిరిగి వచ్చి, “బావా, మేము యాడికీ పోము. ఇంటికి తాళం వెయ్యనియ్యను,” అన్నాను.

ఇక చూడండి. చదువుకున్న పొగరన్నారు. మదనపల్లెలో పెరిగినదానికి ఆచారాలేం తెలుసునన్నారు. బావ గొంతు పెంచలేదు గానీ, తమ్ముడి ప్రాణం మీదికి తెస్తే నిన్ను క్షమించనని నా మొహం మీదే చెప్పాడు. దూరపు చుట్టం ఒకామె ముక్కున వేలేసుకుని, నీకు తాళి మీద ఆశ లేదా అని అడిగింది. మా ఆయన తల వంచుకుని నేల మీద వేలితో గీతలు గీస్తున్నాడు. అందరూ ఆయన వైపు చూశాక తలెత్తకుండానే, పొద్దున్నే డ్యూటీకి పోవాలని, ఇళ్ళు మారే ఓపిక తనకు లేదని అన్నాడు. అంతకంటే పెద్ద తిరుగుబాటు ఆ మనిషి జీవితంలో చేసింది లేదు. అది చాలు నాకు.

అత్త మాత్రం పోతాననీ అనలేదు, ఉంటాననీ అనలేదు. మాసికం అయ్యాక వస్తానని బావను పంపించింది. ఆ మాసికం అయ్యాక వచ్చే మాసికం అన్నది. మూట విప్పలేదు. వంటింటి మూలన అది అలాగే కూర్చుంది. నాలాగా ఆమె మొండికేసింది కాదు, నిజంగానే భయపడింది. కొడుకు డ్యూటీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వీధి అరుగు మీద నిలబడి రోడ్డు చివరిదాకా చూసేది. వచ్చాక ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేది. మంచాన్ని పారెయ్యడానికి మనుషులు వస్తే నేను అడ్డం నిలబడ్డాను. అది చూసి ఆమె పోయి మూట పక్కన కూర్చుంది.

ముందు ఆ గండి సంగతి చూడాలి. ఒక మనిషి వంగకుండా దూరిపోయేంత బొక్క అది. గోనెపట్టాలు కట్టి మూస్తే రాత్రికి కుక్కలు లాగేసేవి. మేస్త్రీ దగ్గరికి పోతే, ఆరు నెలలు కానివ్వమన్నాడు. ఇంకో మేస్త్రీ నన్ను చూడగానే పెద్దపంజాణిలో పని ఒప్పుకున్నానన్నాడు. వడ్రంగి మా వీధిలోకే రానన్నాడు. సున్నం కొట్టేవాళ్ళూ అంతే. తాళం పడాల్సిన ఇంట్లో పని చేస్తే ఆ దోషం తమకు అంటుతుందని భయం. పిల్లాపాపలు ఉన్నవాళ్ళను నేనేమంటాను? అలాగని కూర్చోనూ లేదు. ఎవరూ రాకపోతే నాకు చేతులు లేవా అనుకున్నాను.

చేతులు ఉండడమే కాదు, వాటికి కొంచెం పని కూడా తెలుసు. మదనపల్లెలో మా నాన్న లెక్కల అయ్యవారు. ఆదివారం వస్తే ఆయనకు వేరే పూనకం. మిషన్ బంగళాల్లో పాత సామాను వేలం వేస్తే కాళ్ళు విరిగిన కుర్చీలు, వార్నీషు పొంగిపోయిన బల్లలు కొనుక్కొచ్చేవాడు. మా అక్కచెల్లెళ్ళందరినీ పెరట్లో కూర్చోబెట్టి తలా ఒక ఉప్పు కాగితం ముక్క ఇచ్చేవాడు. గరగరమని రుద్దుతూ ఉంటే గోళ్ళు అరిగిపోయేవి. కొయ్య నారకు అడ్డంగా రుద్దితే ఊరుకునేవాడు కాదు. మిగతా ఆడపిల్లలు సంగీతం నేర్చుకుంటుంటే మేము లక్క పాలిష్ నేర్చుకున్నాం. అప్పుడు ఎంత తిట్టుకునేవాళ్ళమో.

నేను ఉత్తరం రాయలేదు, కబురూ పంపలేదు. ఎవరి ద్వారా విన్నాడో ఏమో, ఒక రోజు మా నాన్న మదనపల్లె బస్సు దిగాడు. బస్సు టాపు మీద నుంచి ఒక కిటికీ దించాడు. రెక్కలతో, చట్రంతో, ఇనుప చువ్వలతో సహా నిండు కిటికీ. ఏ బంగళాదో. కండక్టరుతో తగువు పడి మరీ తెచ్చాడట. దాన్ని వాకిట్లో గోడకు ఆనించి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. దినాలు అయ్యాక మా ఇంట్లో నీళ్ళు తాగిన మొదటి బయటి మనిషి ఆయనే. అత్త చెంబు అందించి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. మా నాన్న ఆ గండిని తాడుతో కొలిచి, కిటికీ సరిపోతుందని చూసుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. పని నన్నే చేసుకొమ్మన్నాడు.

సరే, చేసుకున్నాను. మొదటిసారి ఎంత బాగా చేశానో వినండి. సిమెంటు కంటే గట్టిది లోకంలో లేదని నా నమ్మకం. గండి అంచులు చెక్కి, అడుగున రాళ్ళు పేర్చి, వాటి మీద చట్రం నిలబెట్టి, చుట్టూ సిమెంటు కూరి, దానికి రోజూ నీళ్ళు కొట్టాను. ఒక మధ్యాహ్నం నేను వంట చేస్తుంటే దభీమని చప్పుడు. పరిగెత్తి చూస్తే కిటికీ చట్రం సిమెంటుతో సహా ఊడి గదిలో వెల్లకిలా పడి ఉంది. గోడ మట్టి గోడగానే ఉంది, సిమెంటు అంచుకు దాని పొడి మాత్రం అంటింది. నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాను. అత్త గుమ్మంలో నిలబడి చూసి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఫక్కున నవ్వింది. మామ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

“మట్టి గోడకు సిమెంటు అంటుతాదా మేయ్? మట్టికి మట్టే అంటేది. లెయ్యి, గడ్డి తేపో.”

పెరట్లో గుంత తీసి, ఎర్రమన్ను పోసి, నీళ్ళు పెట్టి, సన్నగా తరిగిన వరిగడ్డి కలిపి నానబెట్టాం. మట్టి పులిసి వాసన వచ్చేదాకా అత్త నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత చీర దోపుకుని ఇద్దరం దిగి తొక్కాం. ఆమెకు మోకాళ్ళ నొప్పులని నేను వద్దంటే వింటేనా. తొక్కుతూ తొక్కుతూ చెప్పింది. ఈ ఇంటి గోడలకు మట్టి తొక్కింది తనేనట. కూలీలను పెట్టుకునే స్థితి లేక, పెద్ద కొడుకు కడుపులో ఉండగా, తానూ మామా కలిసి రోజుకు కొంచెం కొంచెం ఎత్తు లేపారట. ఎండలో తొక్కీ తొక్కీ కళ్ళు తిరిగి పడితే, మామ ఆ రోజంతా తిడుతూనే కాళ్ళు పట్టాడట. అది చెబుతున్నప్పుడు ఆమె గొంతులో భయం లేదు. ఆ మట్టితోనే కిటికీ చట్రాన్ని బిగించాం. ఊడమన్నా ఊడలేదు.

కిటికీ నిలబడి, గోనెపట్టాలు పోయాక ఆ గదిలోకి నిండుగా వెలుగు వచ్చింది. దాంతో మిగతా ఇల్లంతా ఎంత మాసిపోయిందో కనబడింది. ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. పైకెక్కి పగిలిన పెంకులు మార్చాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి, తల పైకెత్తి చూసి, తొందరగా నడిచేవాళ్ళు. రాతి సున్నం తెచ్చి కుండలో పోసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది. అందులో బంక, చిటికెడు నీలిమందు కలిపి గోడలకు పట్టించాను. మొదటి పూత చూస్తే ఏడుపు వచ్చింది, ఆరాక తెల్లగా తేలింది. కుంచె పట్టుకుని చేయి వాచింది. మా ఆయన మధ్యాహ్నం వచ్చి, నిచ్చెన పట్టుకుని, కింద నుంచి అక్కడ వదిలేశావు, ఇక్కడ వదిలేశావు అని చూపించేవాడు. నిచ్చెన ఎక్కమంటే మాత్రం ఆయనకు కళ్ళు తిరుగుతాయి.

వాకిలి తలుపుల దగ్గర నా తల ప్రాణం తోకకు వచ్చింది. ప్రతి పండక్కీ పూసిన రంగు మీదే మళ్ళీ రంగు పూసి, ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఇటుక రంగు, అన్నీ కలిసి చర్మంలాగా పేరుకుపోయాయి. బట్టల సోడా చిక్కగా కలిపి పూసి, మెత్తబడ్డాక పగిలిన గాజు పెంకులతో గీకాను. గాజు పెంకు అంచులాగా రంగును తీసేది ఇంకేదీ లేదు, చేతులు కోసేది కూడా. వేళ్ళకు గుడ్డలు చుట్టుకుని గీకాను. రంగు లేచిపోయాక వేపమాను బయటపడింది. ముదురు ఎరుపు, మధ్యలో సన్నటి చారలు. ఎవరండీ దీని మీద ఆకుపచ్చ రంగు పూసిన మహానుభావుడు అని గట్టిగా అన్నాను. మీ మామేనని అత్త జవాబిచ్చింది.

లక్క, దాన్ని కరిగించే స్పిరిట్ కొనడానికి బజారుకు పోతే, తాగడానికేమోనని కొట్టు ఆయన నా మొహంలోకి అనుమానంగా చూశాడు. మీ ఆయనకు తెలుసా అని అడిగాడు. పాలిష్ పెట్టడానికని ఎంత చెప్పినా నమ్మడు. ఇల్లు మూయనిది మీరే కదా అన్నాడు ఆఖరికి. అవునన్నాను. సామాను నా చేతికివ్వకుండా గల్లా పెట్టె మీద పెట్టి వెనక్కి జరిగాడు. అప్పటికి అలాంటివి అలవాటైపోయాయి. కూరగాయలమ్మ గంప వీధిలోనే దించేది. పక్కింటివాళ్ళు పేరంటానికి పిలవడం మానేశారు. మా వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఎదురింటామె పిల్లలను లోపలికి లాక్కుపోయేది. ముగ్గు ఇంకొంచెం పెద్దది వేసేదాన్ని నేను. నవ్వొస్తోందా? రాదు నాకు. ఎవరూ గడప తొక్కని ఇంట్లో తలుపులకు మెరుగు పెట్టుకుంటూ కూర్చోవడం ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకు తెలుస్తుంది.

సగం గడువు దాటిందో లేదో, మా ఆయనకు జ్వరం వచ్చింది.

మొదట మామూలు జ్వరమనుకున్నాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాగేది. మనిషి గడ్డిపోచలాగా అయిపోయాడు. పుంగనూరు డాక్టరు మదనపల్లె తీసుకుపొమ్మన్నాడు. మిషన్ ఆసుపత్రిలో చేర్పించాం. రక్తం పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, నయమవుతుందనీ అన్నారు. కానీ ఆ మాట ఎవరు విన్నారు? చుట్టాలంతా ఒకటే పాట. చెప్పామా లేదా. మూసెయ్యమంటే మూయకపోతివి, గండి పూడ్చి మరీ కూర్చుంటివి, ఇప్పుడు అనుభవించు. ఒకామె ఆసుపత్రి వరండాలోనే నా వైపు చేయి చూపించి, దీనికి సున్నం పిచ్చి, మొగుడు పోయినా గోడకు సున్నం కొట్టుకుంటుందని శాపనార్థాలు పెట్టింది.

నాకు భయం వేసింది. అబద్ధం ఎందుకు? మంచం మీద ఆయన కళ్ళు మూసుకుని సోయి లేకుండా పడుకుని ఉంటే, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, నాకు తెలియని ఆ నక్షత్రాలన్నిటికీ మొక్కుకున్నాను. గోడలో ఏముంది, తలుపులో ఏముంది, ఈ మనిషి లేచి నిచ్చెన పట్టుకుంటే చాలుననిపించింది. అప్పుడే బావ కుప్పం నుంచి వచ్చాడు. పలమనేరులో బస్సు దొరక్క లారీ ఎక్కి వచ్చాడట. తమ్ముణ్ణి చూసి బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“అమ్మనన్నా నన్ను తీసుకుపోనీ అమ్మా. ఇంటికి తాళమేసి పోతా. నీకు దండం పెడతా,” అన్నాడు.

సరే తీసుకుపోండి అన్నాను. నా నోటితోనే అన్నాను.

బావ ఆ పూటే పుంగనూరు పోయాడు. మరుసటి రోజు తిరిగి వచ్చాడు, ఒక్కడే. ఏమైందని అడిగితే చెప్పలేదు. అమ్మ రాననింది అని మాత్రం గొణిగాడు. ఆయన మొహం చూస్తే తల్లి చేత చిన్నప్పుడెప్పుడో తిన్న చీవాట్లు మళ్ళీ తిన్నట్టు కనిపించింది. అంత భయపడే మనిషి, కొడుకు ఆసుపత్రిలో ఉండగా, ఆ ఇంట్లో ఒంటరిగా ఏం చేస్తోంది? మా నాన్నను ఆసుపత్రిలో కూర్చోబెట్టి పుంగనూరు బస్సు ఎక్కాను.

తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. పెరట్లో తీగ మీద అత్త చీరలు ఆరేసి ఉన్నాయి, ఆ మూటలోవే. మామ గదిలో కిటికీ కింద, టేకు మంచాన్ని తలకిందులు చేసి, దాని కాళ్ళ మధ్య కూర్చుని ఉంది మా అత్త. చేతిలో ఉప్పు కాగితం. జుట్టు మీద, కనుబొమల మీద, ముక్కు మీద ఎర్రటి పొడి. అందరూ పారెయ్యమన్న మంచం, ఆమె భర్త ప్రాణం పోయిన మంచం, దాని కోళ్ళను గుండ్రంగా, ఓపికగా, నారకు అడ్డం పోకుండా రుద్దుతోంది. ఎవరూ నేర్పలేదు. నేను తలుపులు రుద్దుతుంటే మూలన కూర్చుని చూసేది, అంతే.

నన్ను చూసి చేయి ఆపలేదు. కొడుకు ఎలా ఉన్నాడని అడిగింది. జ్వరం దిగుతోందని చెప్పాను. తల ఊపింది. కాసేపు రుద్ది, ఊదుకుని, అప్పుడు అన్నది.

“నువ్వే తీసుకుపొమ్మంటివంట గదా.”

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

“నా కొడుక్కి జరమొస్తే నేనీడ కూసోని దేవుణ్ణి అడుక్కుంటా. ఈ ఇల్లు ఇడిసిపెట్టి పోయి యాడ కూసోని అడుక్కునేది? ఆయప్ప దారి గుర్తుపట్టి తిరిగొస్తాడని గోడ పగలగొట్టిరి. వస్తే రానీ. నేనుండానని తెలిస్తే ఆయప్ప నా బిడ్డ జోలికి పోతాడా? ఆయప్పను అంతేనా మీరు తెలుసుకునింది?”

నేను ఆమె ముందు కూలబడి ఏడ్చాను. అంతవరకూ ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. ఏడుపు కాస్త తగ్గాక, ఇంకో ముక్క ఉప్పు కాగితం నా చేతిలో పెట్టి, అవతలి కోడు చూపించింది. బస్సు టైముదాకా ఇద్దరం రుద్దాం.

మా ఆయన జ్వరం దిగింది. మందుతోనే దిగింది, వేళకు వేసిన మందుతో. పత్యం చేయించి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇంటికి తీసుకొచ్చాను. చుట్టాలు అప్పుడు కూడా నోరు మూయలేదు. ఏదో పుణ్యం అడ్డం పడిందన్నారు. పోనీ, అలాగే అనుకోండి. మబ్బు పట్టిన రోజు నేను తొందరపడి లక్క పాలిష్ పెడితే, తడి గాలికి మంచం మీద పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలు పడ్డాయి. మళ్ళీ గీకి, మళ్ళీ రుద్ది, ఎండ కాసేదాకా కాచుకుని, దూది చుట్టిన గుడ్డతో పలచగా, పూత మీద పూత పెట్టాను. ఆరాక అత్త దాని మీద పాత బొంత పరుచుకుంది. ఆ మంచం మీద తానే పడుకుంటానన్నది. ఆ రోజు నుంచి అక్కడే పడుకుంది. అది విని ఊళ్ళో చెవులు కొరుక్కోనివాళ్ళు లేరు.

ఆరు నెలలు నిండిన తర్వాత మంచి రోజు చూసుకుని బావ కుప్పం నుంచి కారులో వచ్చాడు. పురోహితుణ్ణి తెచ్చాడు. బూడిద గుమ్మడికాయ, కొబ్బరికాయలు, కొత్త తాళం, కొత్త చీపురు, అన్నీ తెచ్చాడు. దోషం తీరింది కాబట్టి శాంతి చేయించి ఇల్లు తెరవాలట. ఆయనతో పాటు తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకాయన దిగాడు. ఎవరో మాకు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. దిగీ దిగగానే ఇంటి మొహం చూడకుండా, ఈ మూల నుంచి ఆ మూల దాకా అడుగులు వేసుకుంటూ నడిచాడు. గోడౌనుకు అడిగేవాడు ఆయనే.

వీధిలో జనం చేరారు. ఎవరూ అరుగు ఎక్కలేదు. పురోహితుడు గడియలు చూసుకుంటున్నాడు. బావ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి, అమ్మా, శాంతి అయ్యాక ఈయన ఒకసారి లోపల చూసిపోతాడు, చూసినంత మాత్రాన ఏమీ లేదులే అన్నాడు. మా ఆయన నా పక్కన నిలబడ్డాడు, ఇంకా నీరసంగానే ఉన్నాడు. ఏదైనా అనాల్సింది నేనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

అత్త నన్ను పక్కకు జరిపి గడప మీదికి వచ్చింది. చేతుల నిండా పిండి, జొన్నరొట్టెలు చేస్తోంది. కొడుకును పైనుంచి కింది దాకా చూసింది. గుమ్మడికాయను చూసింది. కొత్త తాళాన్ని చూసింది.

“మూసింటే గదప్పా తెరిసేదానికి. ఈ ఇంట్లో ఒక్కరోజు పొయ్యి ఆరలేదు. నువ్వు కాళ్ళు కడుక్కోని లోపలికి రా. రొట్టె సల్లారిపోతాది.”

బావ కదల్లేదు. పురోహితుణ్ణి చూశాడు, జనాన్ని చూశాడు. అత్త గడప మీదే నిలబడి ఉంది. చాలాసేపటికి బావ చేతిలోని తాళాన్ని జేబులో వేసుకుని, చెప్పులు విడిచి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుని, తల వంచి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా మనిషి కూడా ఆయన వెనకే అరుగు మీద కాలు పెట్టాడు. మా అత్త ఆయన కళ్ళలోకి చూస్తూ, పిండి చేతులతోనే, రెండు తలుపులూ దగ్గరికి లాగి లోపలి నుంచి గడియ పెట్టింది.